దిష్టికి వేలాడిన నారింజ ల్యాప్‌టాప్

పోయిన ఏడాది ఒక సాయంత్రం బెంగుళూరు శివారు వర్తూరులో మా కంపెనీ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. నా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఒక గుజరీ అంగడి ఉంది. ఇక్కడ పాత సామాన్లు కొని అమ్మే కొట్టును అలాగే అంటారు. ఆ అంగడి గుమ్మానికి కొట్టిన మేకుకు, ఎండిపోయిన బూడిద గుమ్మడికాయ పక్కన, ఒక నారింజ రంగు ల్యాప్‌టాప్ వేలాడుతోంది.

నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను. నా మోచెయ్యి తగిలి పక్క సీట్లో కునుకు తీస్తున్న ఆవిడ ఉలిక్కిపడి లేచి, "స్టాప్ వచ్చేసిందా?" అని అడిగింది.

"లేదండీ. ల్యాప్‌టాప్ వచ్చింది" అన్నాను.

ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నేను అంతగా ఎందుకు కంగారుపడ్డానో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. బొమ్మసంద్రలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో డిజైన్ విభాగంలో పనిచేస్తాను. స్టెబిలైజర్ డబ్బా, కరెంటు మీటరు డబ్బా, ఎమర్జెన్సీ దీపం డబ్బా, ఇలాంటివి గీస్తాను. పద్దెనిమిదేళ్ళుగా గీస్తున్నాను. అన్నీ బూడిద రంగువే. మా ఫ్యాక్టరీలో బూడిద రంగులు నాలుగు రకాలున్నాయి. ఆ నాలుగింటికీ తేడా చూపుతోనే చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకదాన్ని నేను, రెండో ఆయన మా టూల్‌రూమ్ మేస్త్రి. ఇది గొప్పగా చెప్పుకోవలసిన విషయమేమీ కాదు.

ఆ ల్యాప్‌టాప్ బొమ్మను నేను మొదటిసారి చూసింది హిందూపురంలో డిప్లొమా చదివేటప్పుడు. కాలేజీ లైబ్రరీకి ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు పత్రిక ఒకటి ఉండేది. అందులో రెండు పేజీల నిండా అదే. కంప్యూటరంటే నలుపో, బూడిదో, కోడిగుడ్డు పెంకు రంగో అయివుండాలన్న రోజులవి. ఇదేమో నున్నటి ఆల్చిప్పలా గుండ్రంగా, నారింజ రబ్బరు, పాలమీగడ లాంటి తెల్ల ప్లాస్టిక్ కలుపుకుని, పైన పట్టుకుపోవడానికి ఒక పిడితో ఉంది. అందులో రాసినాయన దాన్ని మెచ్చుకున్నాడో వెక్కిరించాడో నాకున్న ఇంగ్లీషుకు సరిగ్గా అర్థం కాలేదు. మా లెక్చరర్ మాత్రం పత్రిక ఎత్తి పట్టుకుని, "ఇది కంప్యూటరా, ఆడపిల్లల హ్యాండ్‌బ్యాగా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆ వారంలో మూడుసార్లు లైబ్రరీకి వెళ్ళి అదే పేజీ చూశాను. ముట్టుకుంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. ఒక యంత్రాన్ని చూసి అలా అనిపించడం నాకు అదే మొదలు. తర్వాత ప్లాస్టిక్ చదువులోకి వెళ్ళాను. ఆ పేజీ వల్లే వెళ్ళానని అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, హ్యాండ్‌బ్యాగు అంటారని.

అలాంటిది, వర్తూరు దుమ్ములో, గుమ్మడికాయ పక్కన! ఆ రోజు బస్సు దిగలేకపోయాను. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ వర్తూరులోనే దిగిపోయాను.

అంగడామె కుర్చీలో కూర్చుని పాత రాగి తీగను చుట్ట చుడుతోంది. అరవై లోపే ఉంటుంది. కళ్ళజోడుకు ఒక పుల్ల లేదు, ఆ వైపు దారం కట్టుకుంది. నేను కన్నడలో మొదలుపెట్టాను. నా కన్నడ రెండో వాక్యానికే తడబడింది. ఆమె నవ్వింది.

"తెలుగులో మాట్లాడు అమ్మణ్ణీ. మా ఇంట్లో తెలుగే. తాతల కాలం నుంచీ ఈడే ఉండాము. ఏమి కావల్ల?"

"ఆ నారింజ రంగుది ఒకసారి దించి చూపిస్తావా అక్కా?"

ఆమె పైకి చూడను కూడా లేదు. "అది అమ్మేదానికి కాదు. దిష్టికి కట్టినా."

"దిష్టికా? అది ల్యాప్‌టాప్ అక్కా."

"ల్యాప్‌టాప్పా?" ఇప్పుడు చూసింది. "నేను పెండ్లికూతురు సామాను పెట్టుకునే పెట్టె అనుకున్యా. పిడి ఉండాది గదా! ల్యాప్‌టాప్‌కి పిడి యాడన్నా ఉంటాదా?" తీగ పక్కన పెట్టి నా వైపు వంగింది. "నిన్న సాయంత్రం బస్సులో లేసి నిలబడింది నువ్వే గదా?"

నాకు సిగ్గేసింది. "నేనే."

"అదే చెప్తాండా. దాన్ని కట్టినప్పట్నుంచి నా అంగడికి ఒక్క కన్ను కూడా తగల్లేదు. రోడ్డులో పొయ్యే ప్రతి ఒక్కరూ దాన్నే చూస్తారు. నన్ను చూసేవాళ్ళే లేరు!"

దించకుండానే చూసుకొమ్మంది. పిడి మూత మడతపడే చోటే ఉంటుంది కాబట్టి, అది మేకుకు తలకిందులుగా గబ్బిలంలా వేలాడుతోంది. దానికి కొక్కెం లేదు, మీట లేదు. కింది అంచు మెల్లగా లాగితే పుస్తకంలా తెరుచుకుంది. లోపల తెల్లటి కీబోర్డు, దాని మీద ఒక సాలీడు. ఎండకు వానకు అక్కడ వేలాడి కూడా రబ్బరు మెత్తగానే ఉంది. లైబ్రరీలో అనుకున్నదానికంటే మెత్తగా ఉంది. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది.

"ఇవ్వు అక్కా. ఏమి కావాలంటే అది ఇస్తా."

ఆమె గుమ్మానికున్న మేకు వైపు చూసింది. "దుడ్డు వద్దు. దీనికంటే ఎక్కువ కండ్లు పడేది ఒకటి తెచ్చియ్యి. ఆ మేకుకు అది కట్టి, ఇది తీసుకొనిపో."

మర్నాడు పొద్దున్నే టూల్‌రూముకి వెళ్ళాను. మా మేస్త్రి బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగాయన. ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చులను ముప్పై ఏళ్ళకు పైగా చెక్కుతున్నారు, సానబెడుతున్నారు. మాట తక్కువ. నేను గీసిన బొమ్మలో తప్పుంటే నోటితో చెప్పరు, ఆ చోట పెన్సిలు ఆనించి నా మొహం వైపు చూస్తారు, అంతే.

"మేస్త్రీ, దిష్టికి కట్టే వస్తువు ఒకటి కావాలి. ప్లాస్టిక్‌ది. రోడ్డు మీద అందరూ దాన్నే చూడాలి" అన్నాను.

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "ఆ ఏసీ రూములో కూర్చొని కూర్చొని నీకేదో అయ్యుండాది తల్లీ."

జరిగిందంతా చెప్పాను. పెన్సిలుతో ల్యాప్‌టాప్ బొమ్మ గీసి చూపించాను. పిడి, గుండ్రటి అంచులు, తెలుపులో కలిసిపోయే నారింజ. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. చివరికి "బేస్తవారం రా" అన్నారు.

గురువారం మా రెండో నంబరు మెషీను మీద పండ్ల బుట్టల పని. ఎరుపు బుట్టలు అయిపోయాక పసుపు బుట్టలు పోయాలి. రంగు మార్చేటప్పుడు మెషీను గొట్టంలో మిగిలిన పాత ప్లాస్టిక్‌ను బయటికి తోసెయ్యాలి. అది కరిగిన బెల్లం పాకంలా ముద్దలు ముద్దలుగా వచ్చి కింద పడుతుంది. ఎప్పుడూ ఆ ముద్దల్ని ఒక మూల పడేసి తర్వాత పిండి చేయిస్తాం. ఆ రోజు మేస్త్రి చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, ఒక రేకు పళ్ళెం పట్టుకుని, పురిటి గది ముందు మంత్రసానిలా మెషీను ముందు నిలబడ్డారు.

ముందు ఎర్రటి ముద్ద వచ్చింది. తర్వాత ఎరుపులో పసుపు చారలు. ఆ తర్వాత, నేను చెప్పలేను, నారింజలోనే ఏడెనిమిది రకాల నారింజలు మెలికలు తిరుగుతూ వచ్చి పళ్ళెంలో కూర్చున్నాయి. మేస్త్రి ఒక కట్టెతో రెండు గుంటలు గుచ్చారు. కళ్ళు. అడుగున లాగారు. నాలుక సాగి సాగి ఒక అడుగు పొడవు వచ్చి అలాగే గడ్డకట్టింది. మెషీను నడిపేవాళ్ళు, ప్యాకింగ్ ఆడవాళ్ళు, క్యాంటీన్‌లో టీ పోసే ఆవిడ, అందరూ చుట్టూ చేరారు. చల్లబడ్డాక నిలబెట్టి చూస్తే అది ఘోరంగా, అద్భుతంగా ఉంది. ప్యాకింగ్‌లో ఒకామె మెల్లగా, "ఇది మన పర్సనెల్ మేనేజర్ సార్‌లా లేదూ?" అంది. అందరం ఒక్కసారి చూసి నోళ్ళు మూసుకున్నాం. ఎంతసేపు మూసుకోగలం? నాకు కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వు ఆగలేదు. మేస్త్రి గోడ వైపు తిరిగి నిలబడ్డారు, కానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

సాయంత్రం దాన్ని గోనెసంచిలో వేసుకుని గేటు దగ్గరికి వెళితే సెక్యూరిటీ ఆయన ఆపాడు. ఫ్యాక్టరీ నుంచి ఏది బయటికి పోవాలన్నా గేటు పాసు రాయాలి. సంచి విప్పి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేమని రాయాలి మేడమ్?"

నాకు తోడు వచ్చిన మేస్త్రి నా కంటే ముందే చెప్పారు. "రాక్షసి అని రాయప్పా. ఒక్కటి."

అతను అలాగే రాశాడు. 'రాక్షసి, ఒకటి, తుక్కు.' ఆ పాసు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

వర్తూరులో అంగడామె సంచిలోకి తొంగిచూసి చప్పట్లు కొట్టింది. "అబ్బబ్బా! సక్కత్‌గా ఉండాది!" అని తనే స్టూలు ఎక్కి ల్యాప్‌టాప్ దించి, ఆ మేకుకు నాలుక వేలాడేట్టు దాన్ని కట్టింది. స్కూటరు మీద పోతున్న ఒకాయన మెడ పూర్తిగా తిప్పి చూస్తూ పోయి, ముందున్న ఆటోను రాసుకుంటూ ఆగాడు. ఆటోవాడు తిట్టడానికి తల బయటపెట్టి, అతనూ దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని, "చూసినావా? మొదలయ్యింది!" అంది. కొంగుతో ల్యాప్‌టాప్ తుడిచి, రెండు చేతులతో నా చేతికిచ్చింది.

కుందలహళ్ళి వరకూ సిటీ బస్సులో పిడి పట్టుకుని నిలబడే వచ్చాను. ఆ పిడిలో ఏదో ఉంది. అరచేతికి సరిగ్గా సరిపోతుంది, వదిలితే తనంతట తనే వెనక్కి మడుచుకుంటుంది. దారిలో నలుగురు అడిగారు. ఒకామె, "మేకప్ కిట్టా అండీ? ఎక్కడ కొన్నారు?" అంది. ఒకాయన పిల్లల స్వెటర్లు అల్లే మెషీను అనుకున్నాడు. కాలేజీ అమ్మాయి ఒకతి మాత్రం అదేమిటని అడగకుండా, "ప్లీజ్, ఒక్కసారి పట్టుకోవచ్చా?" అంది. ఇచ్చాను. రెండు స్టాపులు ఆ అమ్మాయే పట్టుకుంది.

మా ఆయనది గుంటూరు. కుందలహళ్ళి టెక్ పార్కులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. ఏ వస్తువు చూసినా ముందు లోపం కనిపెట్టడం ఆయన వృత్తి, ఇంట్లో కూడా ఆ వృత్తి మానరు. తలుపు తీసి చూసి, "ఏంటిది? బాత్రూమ్ సీటు మూతా? మన ఓనర్ మార్పించమన్నాడా?" అన్నారు.

"తెరిచి చూడండి."

తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. "లాక్ ఏది?"

"లేదు."

"మరి దానంతటదే ఎలా మూసుకుని ఉంటోంది?" అని మళ్ళీ మూశారు. టీ పెట్టి తెచ్చేసరికి ఇంకా తెరుస్తూ మూస్తూనే ఉన్నారు. "బరువు. స్క్రీన్ చిన్నది. రబ్బరు మీద మరకలు. ప్రాక్టికల్‌గా ఇది టోటల్ వేస్ట్" అన్నారు, తెరుస్తూ.

రెండు రోజుల తర్వాత చూస్తే ఆయన పాత కంప్యూటర్లు దాచుకునేవాళ్ళ గుంపు ఒకదానిలో చేరిపోయి ఉన్నారు. ఫోను పట్టుకుని సన్నటి గొంతుతో ఎవరితోనో, "లేదండీ, ఆరెంజే, ఒరిజినల్ ఆరెంజ్" అని చెబుతున్నారు. ఆ గొంతు మా పెళ్ళి చూపులప్పుడు విన్నాను, మళ్ళీ ఇప్పుడే. ఆ గుంపులోంచి ఛార్జరు సంపాదించారు. అది కూడా మామూలు నల్ల ఇటుక కాదు. గుండ్రంగా, తీగ చుట్టూ చుట్టుకునేట్టు, దారంతో ఆడే చక్రంలా ఉంది. ఆదివారం పొద్దున దూదితో, ఇయర్ బడ్స్‌తో ఇద్దరం కూర్చుని ఒక్కో మీట చుట్టూ వర్తూరు దుమ్ము తీశాం. సాలీడును బాల్కనీలో తులసి కుండీ దగ్గర వదిలాం. తర్వాత ఛార్జరు పెట్టి మీట నొక్కాను.

గుడిలో పెద్ద గంట కొట్టాక మిగిలే మోత ఉంటుంది కదా, అలాంటి ఒక్క శబ్దం చేసింది. మా ఆయన "హే!" అని కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక నాతో కరచాలనం చేశారు. పెళ్ళయి పదిహేనేళ్ళు, మేము ఎప్పుడూ కరచాలనం చేసుకోలేదు. తెర వెలిగింది. లోపల ఎవరి కాగితాలూ, ఫొటోలూ లేవు, ఎవరో శుభ్రంగా తుడిచే పంపారు. తేదీ మాత్రం నూరేళ్ళకు పైగా వెనక్కి చూపిస్తోంది.

"దీని లెక్కన మనమింకా పుట్టలేదు" అన్నారాయన. "రేపు ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు."

వెళ్ళాం లెండి. సోమవారం నేను దాన్ని ఫ్యాక్టరీకి తీసుకువెళ్ళాను. మేస్త్రి చూడగానే ముట్టుకోలేదు. వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి దాని మీద పెట్టించారు. అంచు వెంబడి గోరు పోనిచ్చారు. ప్లాస్టిక్ వస్తువు ఏదైనా రెండు అచ్చులు కలిసే చోట ఒక సన్నటి గీత పడుతుంది. ఆయన ఆ గీత కోసం వెతుకుతున్నారు. భూతద్దం తెచ్చారు. ఇరవై నిమిషాలు వెతికారు.

"అతుకు యాడ పెట్టినారు?" అన్నారు చివరికి. "గట్టి ప్లాస్టిక్ మీద రబ్బరు పోసినారు, సరే. రెండూ కలిసే చోట వెంట్రుకంత సందు కూడా లేదే!" తిప్పి అడుగు చూశారు. అడుగు భాగం కూడా పై భాగమంత శ్రద్ధగా ఉంది. ఒక్క మరమేకు తల కూడా వికారంగా కనబడదు. "చూడు తల్లీ. ఎవరూ చూడని తట్టు కూడా చేసినారు. ఈ అచ్చు చెక్కినోడు చాలా దినాలు సరిగ్గా అన్నం తినుండడు."

నేను గీసిన డబ్బాల వెనక భాగాలు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. గోడకు ఆనుకునే వైపు కదా అని, ఎన్నడూ రెండోసారి చూడనివి. సిగ్గుపడాల్సిన సమయమే, కానీ లోపల మాత్రం బడి వదిలినట్టు సంతోషంగా ఉంది. "మేస్త్రీ, కొత్త దీపానికి పిడి పెడదాం. ఇలాంటిదే. రంగు కూడా వేద్దాం" అనేశాను.

కొత్త దీపం అంటే, ఆ నెలలోనే నా బల్ల మీదికి వచ్చిన పని. సాయంత్రాలు తోపుడు బండ్ల మీద కూరగాయలు, పువ్వులు అమ్మేవాళ్ళు వాడే ఛార్జింగ్ దీపం. పాత నమూనా ఏమిటో మీరు ఊహించగలరు. బూడిద డబ్బా, మూడో రకం బూడిద.

మేస్త్రి నా కాగితం మీద పిడి మడతపడే చోట పెన్సిలు ఆనించి నా మొహంలోకి చూశారు. ఆ చూపుకు అర్థం తెలుసు. ఈ చోట విరుగుతుంది, మళ్ళీ గియ్యి. పదకొండుసార్లు గీశాను. పన్నెండోసారి పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.

డిజైన్ మీటింగుకు ల్యాప్‌టాప్‌ను కూడా తీసుకువెళ్ళాను. బల్ల చుట్టూ ఆరేడుగురు. మా యజమాని చివర కూర్చున్నారు. మార్కెటింగ్ ఆఫీసరు యువకుడు, తెలంగాణ నుంచి వచ్చిన కుర్రాడు, తెలివైనవాడు, నాకు ఇష్టమే. నా బొమ్మ చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"హ్యాండిల్ ఓకే మేడమ్. కానీ ఆరెంజ్ కలరా? మన కస్టమర్లు బండ్లు నడుపుకునేటోళ్ళు. ఇది లేడీస్ ప్రోడక్ట్ లెక్క ఉంటది గద!"

నేను జవాబు చెప్పబోతుంటే యజమాని, "అదేమిటమ్మా?" అని నా పక్కనున్న దానివైపు వేలు చూపించారు. అటు జరిపాను. ఆయన తెరిచారు. మూశారు. పిడి పైకి లాగి వదిలారు, అది మెత్తగా వెనక్కి వాలింది. ఇంకోసారి. పక్కాయన చెయ్యి చాపాడు. అక్కడి నుంచి అది ప్రసాదంలా బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నేను పిడి బలం గురించీ, ఖర్చు పెద్దగా పెరగకపోవడం గురించీ తొమ్మిది పేజీలు చూపించాను. ఒక్కరూ గోడ మీది తెర వైపు చూడలేదు. ముగించి "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అంటే, క్వాలిటీ విభాగం పెద్దాయన చెయ్యెత్తి, "దీంట్లో గేమ్స్ ఉన్నాయా?" అని అడిగారు.

అందరికంటే చివర మార్కెటింగ్ కుర్రాడి చేతికి వచ్చింది. ఒళ్ళో పెట్టుకుని రబ్బరు మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. యజమాని అతన్ని చూసి నవ్వారు. "లేడీస్ ప్రోడక్ట్ అన్నావు, వదలవేమయ్యా?" తర్వాత నాతో, "పిడి ఖాయం. రంగు సంగతి బండ్లవాళ్ళనే అడగండి. కొన్ని పోయించి వాళ్ళ చేతుల్లో పెట్టండి" అన్నారు.

తాత్కాలిక అచ్చుతో కొన్ని నారింజవి, కొన్ని బూడిదవి పోయించాం. మార్కెటింగ్ కుర్రాడూ నేనూ ఒక సాయంత్రం వర్తూరు సంతకు తీసుకువెళ్ళాం. అతను నోటుపుస్తకం తెచ్చుకున్నాడు. ముందుగా ఆకుకూరలామె. బూడిద దీపాన్ని చూసి అటు నెట్టేసి, నారింజదాన్ని మెంతికూర కట్టల మధ్య నిలబెట్టింది.

"ఇది చూడప్పా ఎట్ల కనబడతాండాదో! ఆ బూడిదది కింద పెడితే యాడ పెట్టినానో నాకే తెలీదు. పోయినసారి ఎవరో కాలితో తన్నేసి పోయినారు."

కుర్రాడు రాసుకున్నాడు. కాకరకాయలాయన పిడి పట్టుకుని ఊపి చూసి, బండికి తగిలించి, ఇంక తిరిగివ్వలేదు. "మళ్ళా రండి, ఎట్లుండాదో చెప్తా" అని మమ్మల్ని పంపేశాడు. పువ్వులామె ఆ వెలుగులో కనకాంబరాలు ఇంకా బాగా కనబడుతున్నాయని నా జడలో ఒక మూర పెట్టింది. మేమిద్దరం గాల్లో తేలుతున్నాం. అప్పుడు టమాటాల బండి దగ్గరికి వచ్చాం.

టమాటాలాయన నారింజ దీపాన్ని తన రాశి మీద పెట్టి, మూడడుగులు వెనక్కి వేసి, కళ్ళు చికిలించాడు.

"యాడ ఉండాది ఇప్పుడు?"

నిజమే. టమాటాల్లో కలిసిపోయింది.

"నాకిది వద్దప్పా. నీలంది ఇయ్యి."

"నీలం లేదన్నా. ఆరెంజే ఉంది" అన్నాడు మా కుర్రాడు దిగాలుగా.

"లేకుంటే చెయ్యి! చేసేవాళ్ళు మీరే గదా?" అని ఆయన పక్క బండ్లవాళ్ళను పిలిచాడు. "ఏమప్పా, మీకేమి రంగు కావల్ల? కంపెనీవాళ్ళు వచ్చినారు, అడిగినది చేస్తారంట!"

ఇక చూడండి. క్యారెట్లాయన నీలం అన్నాడు. అరటిపళ్ళామె నీలమే, కానీ లేతది కాదు, చిక్కటిది అంది. వంకాయలాయన నారింజకే ఓటేశాడు. ఒకాయన ఏమీ అమ్మడం లేదు, ఊరికే అటు పోతూ ఆగి, తనకు గులాబీ రంగు కావాలన్నాడు. కుర్రాడు నాలుగు పేజీలు నింపాడు. రాసి రాసి వేళ్ళు విదిలించుకుంటూ, "మేడమ్, ఆ ల్యాప్‌టాప్ ఏయే రంగుల్లో వచ్చిందన్నారు?" అని అడిగాడు.

"మొదట రెండే. నారింజ, నీలం."

అతను రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. "వాళ్ళకు టమాటల సంగతి ఎట్ల తెలిసింది మేడమ్?"

వెనక ఆటో హారను కొట్టినా మేమిద్దరం కదల్లేక, పొట్టలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాం.

మొదటి లాటు పోసింది రెండు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం షిఫ్టులో. అసలు ఉక్కు అచ్చు, మేస్త్రి చెక్కినది. ముందు నారింజ, తర్వాత నీలం అని నిర్ణయమైంది. యజమాని వస్తారని కబురు, కానీ మేస్త్రి ఎవరి కోసమూ ఆగలేదు. పచ్చ మీట నొక్కారు. అచ్చు మూసుకుంది. మెషీను గుర్రుమంది. నేను లోపల్లోపల అంకెలు లెక్కపెడుతున్నాను, ఎక్కడిదాకా లెక్కపెట్టానో మర్చిపోయాను. అచ్చు తెరుచుకుని మొదటి దీపం మూత జారి పళ్ళెంలో పడింది.

మేస్త్రి తొడుగుల్లేని చేతులతోనే తీసుకున్నారు. వేడికి ఒక చేతి నుంచి ఇంకో చేతికి, అక్కడి నుంచి నా చేతికి. నేను కెవ్వుమని కుర్రాడికి విసిరాను. అతను పట్టుకుని, ఊదుకుంటూ ప్యాకింగ్ ఆమెకు. తిరిగి మేస్త్రి చేతికి వచ్చేసరికి అది చల్లబడింది. ఆయన ముందు దాన్ని బోర్లించి వెనకవైపు చూశారు. గోరు అంచు వెంబడి పోనిచ్చారు.

"అతుకు కనబడతాండాదా?" అని అడిగాను, ఆయన మాటల్లోనే.

"కొంచెం ఉండాది" అన్నారు. "వెతికితేనే."

అంటూనే పెన్సిలు తీసి, ఎక్కడా ఆనించకుండా చెవి మీద పెట్టుకుని, రెండో మూత కోసం చేతులు చాపారు.